1957 మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లండ్ నుంచి డబ్లిన్‌కి: కస్టమ్స్, వీఆర్‌టీ, నంబరు ప్లేటు సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు | 11 మార్చి 2023

అందరికీ నమస్కారం. డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో ఉంటాను, ఐర్లాండ్ వచ్చి తొమ్మిదేళ్లు. చాలా కాలంగా ఉన్న పిచ్చి ఒకటి ఈ మధ్య ముదిరింది. బర్మింగ్‌హామ్ దగ్గర పల్లెలో 82 ఏళ్ల పెద్దాయన ఒకాయన 1957 మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అమ్ముతున్నాడు. 1489 సీసీ ఇంజను, స్టీరింగ్ గేరు, ముందు బెంచి సీటు. ఫొటో చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది, మన అంబాసిడర్ ఈ కారు నుంచే పుట్టింది. మా నాన్న రాజమండ్రి - కాకినాడ రూట్లో పదిహేడేళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. నేను పుట్టిన రోజున మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అందులోనే.

రేటు రవాణా కాకుండా మన యూరోల్లో సుమారు 7,300 పడుతుంది. బ్రెగ్జిట్ ముందు ఇలాంటివి తేలిగ్గా వచ్చేవట. ఇప్పుడు కస్టమ్స్ అంటున్నారు, వ్యాట్ అంటున్నారు, ఆఫీసులో ఒకాయన "కారు రేటుకి సగం పన్నే కడతావ్" అని బెదిరించాడు. ఎవరైనా తెచ్చినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

లూకన్_లెక్కలు | 11 మార్చి 2023

ఎందుకు బాస్ ఈ తలనొప్పి? ఆ డబ్బుకి ఇక్కడే మంచి హైబ్రిడ్ వస్తుంది. హీటర్ సరిగా పనిచేయని కారులో నవంబరులో ఎవరు తిరుగుతారు?

గోదారిగట్టు | 11 మార్చి 2023

తిరగడానికి హైబ్రిడ్ ఉంది అన్నా. ఇది తుడుచుకోవడానికి.

కార్క్_అక్క | 12 మార్చి 2023

తమ్ముడూ, నా కథ విను, అప్పుడు నువ్వు జాగ్రత్తపడతావు. నేను 2021లో డెవన్ నుంచి 1967 ట్రయంఫ్ హెరాల్డ్ తెచ్చుకున్నాను. మద్రాసులో స్టాండర్డ్ వాళ్లు తయారుచేసిన హెరాల్డ్ మా తాతగారికి ఉండేది, అదీ నా పిచ్చి.

వీఆర్‌టీ, అంటే ఇక్కడ బండి రిజిస్ట్రేషన్‌కి కట్టే పన్ను, దాని గురించి భయం వద్దు. 30 ఏళ్లు దాటిన బండికి ఇక్కడ వీఆర్‌టీ గుత్తగా 200 యూరోలే. కారు రేటు ఎంతైనా అంతే. రోడ్ టాక్స్ ఏడాదికి 56 యూరోలు. మా ఆయన డీజిల్ కారుకి కట్టేదానితో పోలిస్తే నవ్వొస్తుంది.

దెబ్బ తగిలేది పోర్టు దగ్గర. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లే "కస్టమ్స్ కూడా మేమే చూసుకుంటాం" అన్నారు. సరే అన్నాను. వాళ్లు చూసుకున్న తీరు ఏంటంటే, నా హెరాల్డ్‌ని మామూలు సెకండ్ హ్యాండ్ కారు కింద డిక్లేర్ చేసేశారు. 10 శాతం డ్యూటీ, ఆ మొత్తం మీద 23 శాతం వ్యాట్. కట్టాక గాని తెలియలేదు, అది పాతకాలపు సేకరణ వస్తువు కింద రావాల్సిందని. ఆ లెక్కలో వచ్చుంటే డ్యూటీ సున్నా, వ్యాట్ 13.5 శాతం. రీఫండ్‌కి అర్జీ పెట్టి, ఫొటోలు, పాత బిల్లులు, పాత కార్ల క్లబ్ లెటర్ అన్నీ పంపితే ఏడు నెలలకి వచ్చింది. వచ్చింది కదా అని సంతోషమే కానీ ఆ ఏడు నెలలు మా ఇంట్లో హెరాల్డ్ అనే మాట ఎత్తితే యుద్ధం.

బిల్_బుక్ | 12 మార్చి 2023

నేను ఫ్రైట్ కంపెనీలో డిక్లరేషన్లు వేసే పనిలో ఉన్నాను. అక్క చెప్పింది నూటికి నూరు శాతం నిజం, ఇలాంటివి నెలకి ఒకటైనా చూస్తాను.

అసలు కిటుకు టారిఫ్ హెడింగ్‌లో, అంటే కస్టమ్స్ వాళ్లు వస్తువుల రకానికి ఇచ్చే కోడ్ నంబరులో ఉంది. మామూలు కార్లు 8703 కింద వస్తాయి. చారిత్రక విలువ ఉన్న సేకరణ వస్తువులు 9705 కింద. కారు 9705లోకి రావాలంటే ముఖ్యంగా మూడు చూస్తారు. 30 ఏళ్లకి తగ్గకూడదు, ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను, బ్రేకుల్లాంటి వాటిలో పెద్ద మార్పులు లేకుండా పుట్టినప్పటి స్థితిలో ఉండాలి. రిపేర్లు, రంగు వేయించడం పర్వాలేదు. కానీ ఒరిజినల్ ఇంజను తీసేసి వేరేది బిగించిన బండి అయితే అధికారి ప్రశ్నిస్తాడు. మూడూ ఉన్నాయని చూపించాల్సిన బాధ్యత మనదే, పాత కారు కదా అని వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

గోదారిగట్టు గారి లెక్క వేసి చూపిస్తా. కారు 7,300, పోర్టు దాకా రవాణా 550 అనుకుందాం, మొత్తం 7,850. 9705 కింద అయితే 13.5 శాతం వ్యాట్, సుమారు 1,060 యూరోలు, అంతే. 8703 కింద అయితే ముందు డ్యూటీ 785, ఆ తర్వాత 8,635 మీద 23 శాతం, అంటే 1,986. మొత్తం 2,771. తేడా 1,711 యూరోలు. ఒక్క నంబరుకి.

ఇంకోటి. ఇంగ్లండ్‌లో తయారైంది కాబట్టి బ్రెగ్జిట్ ఒప్పందం ప్రకారం డ్యూటీ ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. ఒప్పందంలో ఆ వెసులుబాటు ఉంది, కానీ మూలం రుజువు చేయాలి. ఇంటి దగ్గర అమ్మే పెద్దాయన దగ్గర 66 ఏళ్ల కింద కౌలీలోని మోరిస్ ఫ్యాక్టరీ ఏ సామాను ఎక్కణ్నుంచి తెచ్చిందో కాగితం ఎక్కడుంటుంది? పైగా దాంతో వ్యాట్ తగ్గదు. 9705 దారే మేలు.

కాబట్టి ఏజెంటుకి ముందే మెయిల్ పెట్టండి, డిక్లరేషన్ పంపించే ముందు డ్రాఫ్ట్ చూపించమనండి. సిగ్గుపడొద్దు, డబ్బు మీది.

లూకన్_లెక్కలు | 12 మార్చి 2023

1,711 యూరోలా! ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా.

బాబాయ్_గ్యారేజ్ | 13 మార్చి 2023

నేను ఉండేది విజయవాడ. మా వాడు డబ్లిన్‌లో ఉంటాడు కాబట్టి ఈ గుంపులో చేరాను. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్ల కింద పడుకున్న అనుభవం ఉంది కాబట్టి ఒకటి రెండు చెబుతా.

1. మొదటి అంబాసిడర్లలో సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. 1959 నుంచి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది, నీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నదీ అదే కుటుంబం. మన సామాన్లు చాలా పడతాయి. అక్కడి ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఇండియా నుంచి పార్టులు తెప్పించుకునేది అందుకే.

2. అమ్మే ఆయన "ఇంజను మార్చాను, మంచి పికప్" అంటే అక్కడే ఆగు. మన దగ్గర 1992 నుంచి అంబాసిడర్లో 1800 ఇసుజు ఇంజను వచ్చింది, చాలామంది పాత బండ్లకి కూడా అదే ఎక్కించారు. నడపడానికి బాగుంటుంది కానీ పైన ఆ అమ్మాయి చెప్పిన ఒరిజినల్ లెక్క పోతుంది.

3. అన్నిటికంటే ముఖ్యం. ఆ కాలపు ఇంగ్లండ్ బండ్లలో బాడీకి పాజిటివ్ ఎర్త్. ఇప్పటి కార్లలో నెగెటివ్ బాడీకి ఉంటుంది, దీంట్లో ప్లస్ బాడీకి. ఎవరైనా తెలియక జంప్ లీడ్లు పెడితే పని అయిపోతుంది.

బిల్_బుక్ | 13 మార్చి 2023

బాబాయ్ గారూ, నేను అబ్బాయినండీ. పర్లేదు.

బాబాయ్_గ్యారేజ్ | 13 మార్చి 2023

సారీ నాయనా. అంత చక్కగా లెక్క చెప్తే మా కోడలు గుర్తొచ్చింది.

బెల్ఫాస్ట్_బుల్లోడు | 14 మార్చి 2023

ఉత్తర ఐర్లాండ్ వైపు నుంచి కొంటే కస్టమ్స్ ఉండదు కదా అని ఎవరైనా అంటే నమ్మేయకండి. ఇక్కడ నిజంగా రిజిస్టర్ అయ్యి, ఇక్కడే వాడిన బండి అయితే నిజమే, సరిహద్దు దాటిస్తే డ్యూటీ, వ్యాట్ లేవు. కానీ 2021 జనవరి తర్వాత ఇంగ్లండ్ నుంచి బెల్ఫాస్ట్‌కి దించిన బండి అయితే, ఇక్కడ కస్టమ్స్ కట్టిన రుజువు అడుగుతారు. అది లేకపోతే రిజిస్ట్రేషన్ సమయంలో దొరికిపోతారు. కొందరు డీలర్లు "నార్తర్న్ ఐర్లాండ్ కారు" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. వీ5సీలో, అంటే యూకే రిజిస్ట్రేషన్ కాగితంలో, పాత యజమాని అడ్రసు చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

గాల్వే_గాలిపటం | 14 మార్చి 2023

మీకు పనికిరాదు గానీ వేరేవాళ్లకి ఉపయోగపడొచ్చు. నేను మాంచెస్టర్ నుంచి ఉద్యోగం మారి గాల్వే వచ్చాను. అక్కడ ఆర్నెల్లు పైగా నా పేరు మీద ఉండి నేను వాడిన కారు కాబట్టి నివాసం మార్పు మినహాయింపు వచ్చింది, వీఆర్‌టీ కూడా లేదు. షరతు ఏంటంటే పన్నెండు నెలలు అమ్మకూడదు. ఇన్సూరెన్స్ బిల్లులు, అద్దె అగ్రిమెంటు, జీతం స్లిప్పులు అన్నీ అడిగారు, కాబట్టి ఏదీ పారేయకండి.

గోదారిగట్టు | 2 ఏప్రిల్ 2023

వెళ్లి చూసొచ్చాను. బర్మింగ్‌హామ్‌కి పొద్దున విమానం, సాయంత్రం వెనక్కి.

పెద్దాయన గ్యారేజీ తలుపు తీసేసరికి నాకు ముందు వచ్చింది వాసన. పాత రెక్సిన్, పెట్రోలు, కొంచెం చెమ్మ. మా నాన్న టాక్సీలో ఇదే వాసనకి అదనంగా అగరుబత్తి ఉండేది. రంగు లేత ఆకుపచ్చ, కింద సిల్లుల (తలుపుల కింది రేకుల) దగ్గర వెల్డింగ్ అతుకులు ఉన్నాయి కానీ పని నీటుగా ఉంది. ఇంజను ఒరిజినలే, నంబరు సరిపోయింది. ఆయన దగ్గర 1970ల నుంచి సర్వీసు బిల్లుల ఫైలు ఉంది, ప్రతి బిల్లు వెనక మైలేజీ పెన్సిల్‌తో రాసి పెట్టాడు. అడ్వాన్సు ఇచ్చేశాను.

ఆయన వీ5సీ చూపించి "ఇది ఓనర్‌షిప్ పేపర్ కాదు, గుర్తుంచుకో" అన్నాడు. నిజంగానే దాని మీద అచ్చు వేసి ఉంది, రిజిస్టర్ అయిన కీపర్ వివరాలు మాత్రమేనని. కాబట్టి విడిగా రసీదు రాయించుకున్నాను. తేదీ, రేటు, ఛాసిస్ నంబరు, ఇద్దరి సంతకాలు.

ఇప్పుడు ప్రశ్నలు. శాశ్వత ఎగుమతి సంగతి డీవీఎల్ఏకి (యూకేలో బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఎవరు చెప్పాలి? నేనే నడుపుకుని హోలీహెడ్ నుంచి ఫెర్రీ ఎక్కాలా, ట్రాన్స్‌పోర్టరుకి ఇవ్వాలా?

కార్క్_అక్క | 2 ఏప్రిల్ 2023

నడపొద్దు తమ్ముడూ. తెలియని బండి, వేల్స్ కొండల్లో ఆగిపోతే ఎవరు దిక్కు? ట్రాన్స్‌పోర్టరుకే ఇవ్వు. వీ5సీలో ఎగుమతి విభాగం నింపి స్వాన్సీలోని డీవీఎల్ఏకి పంపాలి, మిగతా వీ5సీ నీ దగ్గరే ఉండాలి. అది లేకుండా ఇక్కడ ఎన్‌సీటీఎస్ (బండ్లని పరీక్షించి రిజిస్టర్ చేసే కేంద్రం) వాళ్లు రిజిస్టర్ చేయరు. పొరపాటున మొత్తం పంపేసిన మహానుభావులు ఉన్నారు.

బిల్_బుక్ | 3 ఏప్రిల్ 2023

ట్రాన్స్‌పోర్టరు అయితే ఇలా జరుగుతుంది. ఏజెంటు దిగుమతి డిక్లరేషన్ వేస్తాడు, దానికి ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. ఆ నంబరుతో ఫెర్రీ ఎక్కే ముందే ప్రీ బోర్డింగ్ నోటిఫికేషన్ తీస్తారు, అందరూ పీబీఎన్ అంటారు. అది లేకపోతే లారీని ఓడ ఎక్కనివ్వరు. ఓడ డబ్లిన్ చేరే లోపు డ్రైవరుకి ఫోన్లో తెలిసిపోతుంది, నేరుగా పోవచ్చా, కస్టమ్స్ దగ్గర ఆగాలా అని. పాత కార్లని ఆపి చూడటం మామూలే, కంగారుపడొద్దు.

మీ ఫైల్లో ఉండాల్సినవి: రసీదు, వీ5సీ, కారు నాలుగు వైపులా ఫొటోలు, ఇంజను ఫొటో, ఛాసిస్ ప్లేటు ఫొటో, ఆ మోడల్ ఏ ఏడాదిలో ఆగిపోయిందో చెప్పే కాగితం. ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 తయారీ 1959లో ఆగింది. క్లబ్ వాళ్లు ఒక పేజీ లెటర్ ఇస్తే ఇంకా మంచిది.

ఉప్పుచేప_95 | 3 ఏప్రిల్ 2023

అన్నలూ, పక్కదారి ప్రశ్న. అసలు అంబాసిడరే యూకేలో దొరుకుతుందా?

బాబాయ్_గ్యారేజ్ | 3 ఏప్రిల్ 2023

దొరకొచ్చు. 1990ల మొదట్లో ఫుల్‌బోర్ అనే కంపెనీ కొన్ని అంబాసిడర్లని మన దగ్గర్నుంచి తీసుకెళ్లి అక్కడ అమ్మింది, ఫుల్‌బోర్ మార్క్ 10 అని పేరు పెట్టుకుని. ఎక్కువ పోలేదనుకో. 1993 బండి అయితే ఈ ఏడాదికి 30 నిండుతాయి.

బిల్_బుక్ | 3 ఏప్రిల్ 2023

సరదా పాయింట్ ఇది! ఉత్తరపర ఫ్యాక్టరీలో అంబాసిడర్ ఉత్పత్తి ఆగింది 2014లో కాబట్టి "తయారీ ఆగిపోయిన మోడల్" అనే షరతు కూడా తీరుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకో ఉప్పుచేపా, ఇక్కడ 40 ఏళ్లు దాటిన బండికే ఎన్‌సీటీ (బండి ఫిట్‌నెస్) పరీక్ష నుంచి పూర్తి మినహాయింపు. 30 నుంచి 39 మధ్య ఉంటే రెండేళ్లకోసారి పరీక్షకి తీసుకెళ్లాలి. గోదారిగట్టు గారి ఆక్స్‌ఫర్డ్‌కి ఆ బాధ లేదు.

లూకన్_లెక్కలు | 4 ఏప్రిల్ 2023

మరి తర్వాత ఇండియాకి తీసుకెళ్లిపోవచ్చా? మా అత్తగారి ఊర్లో ఊరేగింపుకి బాగుంటుంది.

బాబాయ్_గ్యారేజ్ | 4 ఏప్రిల్ 2023

కుదరదు బాబూ. 2023లో ఉన్న రూలు ప్రకారం 1950 జనవరి 1కి ముందు తయారైన పాతకాలపు కార్లనే లైసెన్సు లేకుండా దిగుమతి చేసుకోనిస్తారు, డ్యూటీ మాత్రం వాచిపోతుంది. 1957 బండి ఆ గీతకి అవతల ఉంది. ఇక్కడే ఉన్న పాత కార్లకైతే 2021లో కొత్త రూలు వచ్చింది. 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్, రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. ఫీజు 20,000, పదేళ్లకి. రోజూ సంతకి తీసుకెళ్లడానికి కాదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే.

లూకన్_లెక్కలు | 4 ఏప్రిల్ 2023

ఊరేగింపు ప్రదర్శన కిందకి రాదంటారా?

అడ్మిన్ | 4 ఏప్రిల్ 2023

మిత్రులారా, సరదా సరే గానీ టాపిక్ మీదే ఉండండి. అమ్మేవాళ్ల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, ఒకరు పెట్టినది తీసేశాను.

గోదారిగట్టు | 5 మే 2023

ఏజెంటు డ్రాఫ్ట్ పంపాడు. ఊహించండి. 8703!

రెండు మెయిళ్లలో 9705 అని రాశాను, ఫొటోలు పంపాను, అయినా అదే. ఫోన్ చేస్తే "మా సిస్టంలో కార్లకి అదే వస్తుంది" అన్నాడు. బిల్_బుక్ గారు రాసిన మూడు షరతులూ వరసగా చదివి వినిపించాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత "సరే, మారుస్తాను" అన్నాడు. సాయంత్రానికి కొత్త డ్రాఫ్ట్ వచ్చింది, డ్యూటీ సున్నా, వ్యాట్ 13.5. మీరంతా ఎక్కడున్నా సరే, మీకు పులిహోర బాకీ.

గోదారిగట్టు | 7 మే 2023

కారు దిగింది. చిన్న గొడవ కూడా జరిగింది.

పోర్టులో కస్టమ్స్ ఆపారు, చూశారు, వదిలారు, అరగంట. గొడవ అక్కడ కాదు. మా ఇంటి ముందు లారీ మీద నుంచి దించే సమయానికి బ్యాటరీ చచ్చింది. డ్రైవరు మంచివాడే, క్షణంలో తన వ్యాన్ తెచ్చి జంప్ లీడ్లు తీశాడు. నేను లోపల టీ పెడుతున్నాను. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్లది అలవాటు కొద్దీ బాడీ మీద ఒక బోల్టుకి. మన బండిలో బాడీయే ప్లస్. పటపటా మెరుపులు, పొగ. టీ గిన్నె అలాగే వదిలేసి పరిగెత్తాను. వెంటనే పీకేశాడు కాబట్టి సరిపోయింది, క్లిప్పు కొస కరిగి బోల్టుకి అతుక్కుపోయింది. మన కారుకి ఏమీ కాలేదు. తప్పు నాదే, బాబాయ్ గారు మార్చిలోనే చెప్పారు, నేను ఆ ముక్క డ్రైవరుకి చెప్పలేదు.

బాబాయ్_గ్యారేజ్ | 7 మే 2023

బానెట్ కింద ఎర్ర రంగుతో పెద్దగా రాసి పెట్టు, "బాడీ ప్లస్" అని. మా షెడ్డులో గోడ మీద రాసి ఉండేది, అయినా ఏడాదికొకడు కాల్చుకునేవాడు.

కార్క్_అక్క | 8 మే 2023

అపాయింట్‌మెంట్ బుక్ చేశావా? దేశంలోకి వచ్చిన ఏడు రోజుల్లో ఎన్‌సీటీఎస్‌లో వీఆర్‌టీ అపాయింట్‌మెంట్ బుక్ చేయాలి, 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి. ఫెర్రీ తేదీ ఉన్న కాగితం, బుకింగ్ మెయిల్ కారులోనే పెట్టుకో. యూకే నంబరుతో తిరుగుతుంటే గార్డా (ఇక్కడి పోలీసు) ఆపి అడగొచ్చు.

గోదారిగట్టు | 8 మే 2023

బుక్ చేశానక్కా, మే 23కి వచ్చింది. ఇన్సూరెన్స్ కూడా అయింది, క్లాసిక్ పాలసీ 240 యూరోలు. ఐరిష్ ఫుల్ లైసెన్స్ ఉందా, వేరే మామూలు కారు ఉందా, గ్యారేజీ ఉందా అని మూడు ప్రశ్నలు అడిగారు. ఇండియా లైసెన్సు మీద ఇవ్వరు, ఇక్కడ దాన్ని మార్చుకోనివ్వరు కూడా. కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఆ పరీక్ష పాసై ఇలాంటివి ఆలోచించండి.

గోదారిగట్టు | 20 మే 2023

పెద్ద టెన్షన్. దయచేసి ఎవరైనా చూడండి.

అపాయింట్‌మెంటుకి అన్నీ సరిచూసుకుందామని బానెట్ ఎత్తి ఛాసిస్ ప్లేటు చూశాను. వీ5సీలో చివరి నుంచి రెండో అంకె 8. ప్లేటు మీద చూస్తే 3. కొనేటప్పుడు ఇంజను నంబరు సరిచూశాను, ఛాసిస్ నంబరు వీ5సీ చూసి రసీదులో రాసేసుకున్నాను, ప్లేటు వైపు ఒక్క చూపు చూసి వదిలేశాను. నా పప్పు బుర్ర. వీ5సీ సరిదిద్దాలంటే స్వాన్సీకి పోస్టులో పంపాలి, ఎన్ని వారాలు పడుతుందో. 30 రోజులు దాటితే ఏంటి పరిస్థితి?

బిల్_బుక్ | 20 మే 2023

ముందు ఊపిరి తీసుకోండి. ఆలస్యానికి అదనపు వీఆర్‌టీ రోజుకి 0.1 శాతం. మీ వీఆర్‌టీ 200 కాబట్టి రోజుకి 20 సెంట్లు. డబ్బు సమస్య కాదు. కానీ రిజిస్టర్ కాని బండితో గడువు దాటాక రోడ్డెక్కకండి, అది వేరే తలనొప్పి. నంబరు తేడా మాత్రం నిజంగా ఉంటే వాళ్లు ఆపేస్తారు, వాళ్ల పనే అది, బండి గుర్తింపు చూడటం.

గోదారిగట్టు | 21 మే 2023

రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన మొత్తం విని, "ప్లేటు మీద రంగు పూశార్రా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం చేసేవాళ్లం? పెన్సిల్ ప్రింటు తియ్యి" అన్నాడు.

నాకు తట్టనే లేదు. చిన్నప్పుడు చూశాను, ఆర్టీఓ ఆఫీసు బయట బ్రోకర్లు నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దేవాళ్లు. గుడ్డకి కొంచెం థిన్నరు అద్ది ప్లేటు తుడిచాను. లేత ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా వచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో అంకెల్లో ఇరుక్కున్నది గీకాను. తర్వాత మా పాప డ్రాయింగ్ పుస్తకంలోంచి పల్చని కాగితం ఒకటి చింపి ప్లేటు మీద పరిచి, పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దాను. 8! ఎడమ వైపు రెండు వంపుల్లో రంగు గట్టిపడి 3 లాగా కనపడిందన్నమాట. నాన్న ఫోన్లో "చూశావా" అనలేదు, "థిన్నరు ఎక్కువ వాడకు, ప్లేటు అరిగిపోద్ది" అన్నాడు.

బాబాయ్_గ్యారేజ్ | 21 మే 2023

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఏ స్టాండులో ఉండేవారు? కోటిపల్లి బస్టాండా?

గోదారిగట్టు | 21 మే 2023

అక్కడే బాబాయ్ గారూ!

గోదారిగట్టు | 23 మే 2023

అయిపోయింది. ఇరవై నిమిషాలు. ఇన్‌స్పెక్టరు కుర్రాడు టార్చి వేసి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు చూశాడు, వీ5సీతో కలిపాడు, డిక్లరేషన్ రిఫరెన్స్ నంబరు తీసుకున్నాడు. పీపీఎస్ (ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు) నంబరు కాగితం, అడ్రసు రుజువు, ఐడీ, రసీదు, వాహనం కొన్న వివరాల ఫారం, ఇవన్నీ అడిగాడు. పెన్సిల్ ప్రింటు కూడా చూపించాను, అవసరం లేకపోయినా. నవ్వి, ఫొటో తీసుకున్నాడు. 200 యూరోలు కార్డు మీద కట్టాను.

నంబరు విషయంలో రెండు దారులు ఉన్నాయి. 57తో మొదలయ్యి మధ్యలో డబ్లిన్‌కి డి వచ్చే మామూలు పద్ధతి ఒకటి, పాత బండ్లకి ఇచ్చే జెడ్‌వీ సిరీస్ ఒకటి. ముందే చెప్పాలి, చెప్పకపోతే మామూలుదే వస్తుంది. నేను జెడ్‌వీ తీసుకున్నాను. మూడు రోజుల్లో ప్లేట్లు బిగించాలి. నల్ల పలక మీద తెల్ల అక్షరాలతో చేయించాను, ఆకుపచ్చకి బాగా నప్పింది.

కార్క్_అక్క | 23 మే 2023

అభినందనలు తమ్ముడూ! నేనూ జెడ్‌వీయే తీసుకోవాల్సింది, ఎవరూ చెప్పలేదు.

లూకన్_లెక్కలు | 24 మే 2023

మొత్తం ఖర్చు పెట్టు బాస్. అలవాటు.

గోదారిగట్టు | 24 మే 2023

కారు 7,300. రవాణా 550. వ్యాట్ 1,060. ఏజెంటు 120. వీఆర్‌టీ 200. రోడ్ టాక్స్ 56. ఇన్సూరెన్స్ 240. ప్లేట్లు 45. కరిగిన జంప్ లీడ్లకి డ్రైవరుకి 30 ఇచ్చాను. విమానం టికెట్లు లెక్కలోకి రావు, ఎందుకంటే ఇంట్లో చెప్పలేదు.

లూకన్_లెక్కలు | 24 మే 2023

9,601. ఇంట్లో ఇప్పుడు తెలిసిపోతుంది, మా ఆవిడ కూడా ఈ గుంపులో ఉంది.

బాబాయ్_గ్యారేజ్ | 18 జూన్ 2023

గోదారిగట్టూ, జులై 1 నుంచి మీ దేశంలో బంకుల్లో ఈ10 పెట్రోలట కదా, మా వాడు చెప్పాడు. పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపులు మెత్తబడి పగుళ్లు వస్తాయి, కార్బురేటర్‌లో మడ్డి చేరుతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా, పంపు నుంచి కార్బురేటర్ దాకా, ఉన్న ప్రతి రబ్బరు ముక్కా మార్చెయ్. శీతాకాలం బండి ఆపి పెట్టేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకు.

గోదారిగట్టు | 19 జూన్ 2023

పైపులు ఆర్డర్ పెట్టాను బాబాయ్ గారూ, ఆదివారం మారుస్తాను. నాన్న ఆగస్టులో వస్తున్నాడు. తనతో ఏం తెస్తున్నాడో చెప్పనా? అంబాసిడర్ క్లచ్ ప్లేటు. ఎయిర్‌పోర్టులో ఏమంటారోనని ఇప్పుడు కొత్త టెన్షన్.

బిల్_బుక్ | 19 జూన్ 2023

బిల్లు వెంట పెట్టుకోమనండి. గ్రీజు తుడిచి తెమ్మనండి.

ఉప్పుచేప_95 | 9 జులై 2023

అన్నలూ, కెంట్‌లో 1993 ఫుల్‌బోర్ ఒకటి కనపడింది! తెల్లది, సీట్లకి వెల్వెట్ కవర్లు. అమ్మేవాడికి మెసేజ్ పెట్టి డిక్కీ ఫొటో, డ్యాష్‌బోర్డు ఫొటో అడిగాను.

బాబాయ్_గ్యారేజ్ | 9 జులై 2023

డిక్కీలో ఏముంటుందిరా, స్టెప్నీ తప్ప. ముందు ఛాసిస్ ప్లేటు ఫొటో అడుగు. రంగు తుడిచి.